సత్తువ తగ్గిన పెద్దవాళ్లతో పరిశోధన: ఆస్పత్రికి రప్పించాలా, ఇంటికి వెళ్లాలా, ఫోన్ చేయాలా?

షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, కొంచెం కిడ్నీ తేడా, ఏడాదిలో రెండుసార్లు కిందపడటం. 75 దాటినవాళ్లలో ఇలాంటి మనిషి ప్రతి వీధిలోనూ ఉంటారు, పరిశోధనల్లో మాత్రం కనిపించరు. 2015లో ఫలితాలు వచ్చిన స్ప్రింట్ అనే అమెరికా బీపీ ట్రయల్‌నే చూడండి. 9,361 మందిలో 75 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లు 2,636 మంది. మంచి సంఖ్యే. కానీ షుగరు ఉన్నవాళ్లను, పక్షవాతం వచ్చినవాళ్లను, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో ఉండేవాళ్లను, నిలబడితే పై బీపీ 110 కన్నా కిందికి పడిపోయేవాళ్లను అందులో చేర్చుకోలేదు. మన వీధిలోని మనిషి షుగరు దగ్గరే ఆగిపోతారు. అలాగని ఇది చేయలేని పనీ కాదు. 2024లో వచ్చిన బ్రిటన్ సీనియర్-రీటా ట్రయల్, గుండెపోటు వచ్చిన 75 ఏళ్లు పైబడిన 1,518 మందిని, సత్తువ తగ్గినవాళ్లను కూడా కలుపుకుని పూర్తి చేసింది. వాళ్ల సగటు వయసు 82.

ఆస్పత్రి, ఇల్లు, ఫోన్ అన్న దారుల మధ్య ఈ పోలిక పీజీ థీసిస్ చేసేవాళ్లకు, వృద్ధుల మీద సర్వే పెట్టుకున్న స్వచ్ఛంద సంస్థలకు, ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో నడిచే చిన్న బృందాలకు. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నా అడగాల్సింది ఒకటే: ఇది ఆ పెద్ద మనిషి ఒంట్లో ఉన్న కాస్త సత్తువలో ఎంత ఖర్చు పెట్టిస్తుంది? బృందానికి సులువుగా ఉండే దారి సాధారణంగా ఆ ఖర్చును వాళ్ల మీదికి నెడుతుంది. వాళ్లు రాలేక మానేస్తే రిజిస్టర్లో ‘ఆసక్తి చూపలేదు’ అని రాసి పక్కన పెట్టేస్తాం.

ముందు ఎవరు ఫ్రెయిల్ అని తేల్చడం

ఫ్రెయిల్టీ అంటే వయసూ కాదు, జబ్బుల లెక్కా కాదు. రెండు రోజుల విరేచనాలకో, ఒక కొత్త మాత్రకో మనిషి మంచాన పడి, తిరిగి లేవడానికి నెలలు పట్టే స్థితి అది. దాన్ని కొలవడానికి వాడుకలో ఉన్నవాటిలో మనకు పనికొచ్చేవి నాలుగు.

ఫ్రెయిల్ ప్రశ్నావళిలో ఐదే ప్రశ్నలు: అలసట, ఒక అంతస్తు మెట్లు ఎక్కడం, కొంత దూరం నడవడం, 11 జబ్బుల జాబితాలో ఐదు లేదా ఎక్కువ ఉండటం, ఏడాదిలో 5 శాతానికి మించి బరువు తగ్గడం. మూడు లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఫ్రెయిల్, ఒకటి రెండైతే దాని ముందు దశ. పరికరం అక్కర్లేదు, ఫోన్లో కూడా అడగొచ్చు. చిక్కంతా అనువాదంలో. మూలంలోని ‘బ్లాక్’ దూరానికి మన ఊళ్లలో అర్థం లేదు. ఊరు ఊరికీ ఒక గుర్తు పెట్టుకుని, ఫలానా ఇంటి నుంచి రామాలయం దాకా అని ముందే కొలిచి ఉంచుకోవాలి. మెట్లే లేని పెంకుటింట్లో రెండో ప్రశ్న గాల్లో తేలుతుంది. బరువు సంగతి అడిగితే ‘ఏమో’ అనే జవాబే ఎక్కువ వస్తుంది. జాకెట్టు వదులైందా, గాజులు జారుతున్నాయా, పంచె రెండో చుట్టు తిరుగుతోందా అని అడిగితే మాట బయటికి వస్తుంది. స్కోరు మాత్రం బరువు ప్రశ్నకు వచ్చిన జవాబుకే వేయండి, గాజులకు కాదు.

2001లో లిండా ఫ్రైడ్ బృందం ఇచ్చిన ఫ్రైడ్ పద్ధతిలో ఐదు లక్షణాలున్నాయి: బరువు తగ్గడం, నీరసం, కదలిక తగ్గడం, నడక నెమ్మదించడం, పిడికిలి పట్టు తగ్గడం. ఇక్కడా మూడుంటే ఫ్రెయిల్. దీనికి పట్టు కొలిచే డైనమోమీటర్, 15 అడుగుల ఖాళీ, శిక్షణ ఉన్న మనిషి కావాలి. ఎంతకన్నా తగ్గితే లోపం అని చెప్పే మూల హద్దులు అమెరికా వృద్ధుల కొలతల నుంచి వచ్చినవి. పట్టుకు మాత్రం 2019లో ఆసియా సార్కోపీనియా (వయసుతో కండ కరగడం) బృందం ఇచ్చిన మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోలు అన్న హద్దు మనకు కాస్త దగ్గర. ఏ హద్దు వాడారో పరిశోధన పత్రంలో తప్పక రాయండి. ఈ పద్ధతికి ఇంకో లోపం కూడా ఉంది. నడవలేని మనిషికి నడక కొలత ఉండదు, వేళ్ల కీళ్లు వాచిన మనిషికి పట్టు కొలత ఉండదు. ఆ గడులు ఖాళీగా వదిలేస్తే అందరికన్నా బలహీనమైనవాళ్లే లెక్కలోంచి జారిపోతారు. చేయలేకపోతే ‘చేయలేకపోయారు’ అని రాసి, దాన్ని లోపంగానే లెక్కించే నియమం మొదలుపెట్టకముందే పెట్టుకోవాలి.

క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేలు 1 నుంచి 9 మెట్లు. మాట్లాడి, చూసి, శిక్షణ పొందిన మనిషి వేస్తారు. ఆస్పత్రిలో పడుకున్నవాళ్లకు ఇప్పటి స్థితి కాదు, జబ్బు పడకముందు రెండు వారాల క్రితం ఎలా ఉన్నారో అది చూడాలి. మన ఉమ్మడి ఇళ్లలో ఇది తప్పుదారి పట్టే చోటు ఒకటుంది. ‘వంట ఎవరు చేస్తారు?’ అంటే ‘కోడలు.’ ‘డబ్బులు?’ ‘పెద్దాడు చూసుకుంటాడు.’ దీన్ని బట్టి ఐదో ఆరో మెట్టు వేసేస్తే ఆరోగ్యంగా ఉన్న అత్తగారు కాస్తా ఫ్రెయిల్ అయిపోతారు. అడగాల్సింది ఇలా: ‘కోడలు నాలుగు రోజులు పుట్టింటికి వెళ్తే మీరు వండుకోగలరా?’ చేయకపోవడం, చేయలేకపోవడం రెండూ వేరు.

ఫ్రెయిల్టీ ఇండెక్స్ సంగతి చిన్నదే. కనీసం 30 ఆరోగ్య లోపాల జాబితా కావాలి, ఉన్నవాటిని మొత్తంతో భాగిస్తే వచ్చేది స్కోరు. పెద్ద సర్వే డేటా ముందే చేతిలో ఉన్నవాళ్లకు మంచిది, కొత్తగా మొదలుపెట్టే చిన్న బృందానికి అనవసర భారం.

ఇంటింటి అధ్యయనానికైతే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేలుకు తోడు నాలుగు మీటర్ల నడక పెట్టుకోండి. ఫోన్ అధ్యయనానికి ఫ్రెయిల్ ప్రశ్నలు చాలు. వ్యాయామం, ఫిజియోథెరపీ మీద ట్రయలైతే ఫ్రైడ్ పద్ధతికే వెళ్లాలి, ఎందుకంటే అక్కడ మారేది పట్టు, నడకే.

ఎక్కడ కలవాలి

ఆస్పత్రిలో కలవడం బృందానికి హాయి. ల్యాబ్ పక్కనే ఉంటుంది, ఈసీజీ ఉంటుంది, పాత చీటీలు దొరుకుతాయి. వచ్చే మనిషికి ఆ రోజు ఎలా గడుస్తుందో చూడండి. గుండె జబ్బుకు ఉదయం ఫ్యూరోసెమైడ్ వేసుకునే ఆమె, వేసుకున్న గంటలోపే మూత్రానికి పరుగెత్తాలి. బస్సులో, ఆటోలో అది కుదరదు, అందుకని ఆ పూట మాత్ర మానేసి వస్తారు. మీరు కొలిచిన బీపీ, బరువు, కాళ్ల వాపు అన్నీ మాత్ర లేని రోజువి. పరగడుపున రక్తం కావాలన్నారని షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ వేసుకుని, టిఫిన్ తినకుండా, పదకొండు దాకా వరసలో కూర్చుంటే షుగరు పడిపోతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు, పరగడుపు షుగరు మీ ప్రశ్నకు నిజంగా అవసరమా అని ముందే తేల్చుకోండి. వెంట వచ్చిన కొడుక్కి ఒక రోజు కూలి పోతుంది, రెండోసారి రమ్మంటే ఆ కూలే గుర్తొస్తుంది.

ఇవన్నీ తట్టుకుని ఆస్పత్రికి వచ్చేవాళ్లు నడవగలిగినవాళ్లు, వెంట మనిషి ఉన్నవాళ్లు. ఫలితాలు వాళ్లకే వర్తిస్తాయి.

ఇంటికి వెళ్తే ఖర్చు మన మీదికి వస్తుంది. ఇద్దరున్న జట్టు రోజుకు మూడు నాలుగు ఇళ్లకు మించి చేయలేదు. కానీ ఆస్పత్రిలో ఎప్పటికీ దొరకని సమాచారం అక్కడ దొరుకుతుంది, ముఖ్యంగా మందుల సంచి. ‘బీపీ ఉందా?’ అంటే ‘లేదు బాబూ’ అంటారు. సంచి విప్పితే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ రెండూ ఉంటాయి. వాళ్ల దృష్టిలో మాత్రతో అదుపులో ఉంటే జబ్బు లేనట్టే లెక్క. ఒకే మందు రెండు పేర్లతో, ఒకటి పట్నం డాక్టరు రాసింది, ఒకటి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చింది, రెండూ వేసుకుంటూ ఉండొచ్చు. అట్టల మీది మూల రసాయనం పేరు చదివి రాసుకోండి, బ్రాండు పేరుతో సరిపెట్టవద్దు. రెండు మందులు ఒకటేనని తేలితే చూసి రాసుకుని ఊరుకోవడం కుదరదు. ఎవరికి, ఎంతలోపు చెప్పాలో, అధ్యయనానికి అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ప్రణాళికలోనే రాసి ఉండాలి.

ఇంట్లో శారీరక కొలతలు కుదరవన్న మాట నిజం కాదు. 2017–18లో జరిగిన లాసీ అనే జాతీయ సర్వే 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా ఇళ్లకు వెళ్లి పట్టు, నడక, బీపీ కొలిచింది. చిన్న జట్టుకు కావాల్సిన సరంజామా: చేతికి కట్టే బీపీ మిషను, దాని పట్టీ (కఫ్) పెద్దది, చిన్నది రెండూ, కొలత టేపు, స్టాప్‌వాచీ, రంగు టేపు చుట్ట, బరువు మిషను, దాన్ని పెట్టడానికి చదునైన చెక్క. నడకకు వరండా చాలు: నాలుగు మీటర్లు గుర్తు పెట్టి, రెండు చివరలా మీటరు చొప్పున వదలండి. నాలుగు మీటర్లకు ఐదు సెకన్లు దాటితే సెకనుకు 0.8 మీటర్ల కన్నా తక్కువన్న మాట, నడక నెమ్మదించిందనే అర్థం. చేతికర్ర ఉంటే ఉండనివ్వండి, కానీ మొదటిసారి కర్రతో, చెప్పులతో నడిస్తే రెండోసారీ అలాగే. ఇంట్లోవాళ్లు ‘గట్టిగా నడువమ్మా’ అని ఉత్సాహపరుస్తారు, అలా పరుగెత్తించిన కొలత పనికిరాదు. కుర్చీలోంచి ఐదుసార్లు లేచే పరీక్షకు ప్లాస్టిక్ కుర్చీ వాడక తప్పకపోతే కుర్చీ వీపు గోడకు ఆనించి, నున్నటి గచ్చు మీద కుర్చీ కాళ్ల కింద గోనెపట్టా వేయండి, లేకపోతే కుర్చీ వెనక్కి జారుతుంది. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన (రక్తనాళాలు కలిపిన) చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. పడుకోబెట్టి ఐదు నిమిషాలయ్యాక ఒకసారి, నిలబెట్టాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో బీపీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే ఆ రోజు నడక పరీక్ష ఆపేయండి.

మొత్తం 40 నిమిషాలకు మించకూడదు. మించితే రెండు రోజులకు విడగొట్టండి. అతి ముఖ్యమైన ప్రశ్నలు మొదట, అలసట వచ్చాక అడగకపోయినా నష్టం లేనివి చివర. పార్కిన్సన్స్ ఉంటే, దానికి వాడే లెవోడోపా మాత్ర వేసుకున్నాక అది పనిచేస్తున్న వేళలో, ప్రతిసారీ అదే వేళలో వెళ్లండి. మే నెలలో పొద్దున పది గంటలు దాటాక ఎవరింటికీ వెళ్లకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖు పింఛను పంచే రోజు. ఆ రోజు వెళ్తే మిమ్మల్నీ పింఛను వాళ్లే అనుకుంటారు, ఆ పొరపాటు చెప్పే ప్రతి జవాబులోకీ పాకుతుంది.

ఫోన్ చవక. పింఛనుదారు సెల్లు తరచుగా మనవడి జేబులో ఉంటుంది, సాయంత్రం దాకా ఇంటికి రాదు. వినికిడి తగ్గినవాళ్లకు స్పీకర్ పెడితే ఇల్లంతా వింటుంది, ‘కోడలు సరిగా చూస్తోందా’ లాంటి ప్రశ్నకు నిజం రాదు. 15 నిమిషాలు దాటితే జవాబులన్నీ ‘ఆఁ’ అయిపోతాయి. మొదటి పరిచయానికి ఫోన్ వద్దు. ఇంట్లో ఒకసారి ముఖం చూశాక, మధ్య నెలల్లో ‘ఈ నెల పడ్డారా, ఆస్పత్రిలో చేరారా’ అన్న రెండు మూడు విషయాలకు ఫోనే సరైన సాధనం. పడిన సంగతి మూడు నెలలకోసారి అడిగితే సగం మరిచిపోతారు.

పీహెచ్‌సీ, విలేజ్ క్లినిక్ మధ్యస్థం. బీపీ, షుగరు మందులకు ఎలాగూ వచ్చే రోజునే పెట్టుకుంటే పర్వాలేదు. ఒకే కొలత కోసం విడిగా రమ్మనకండి.

సంతకం, వేలిముద్ర, వీడియో

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం చదవడం రానివాళ్ల అంగీకారానికి అధ్యయనంతో సంబంధం లేని, చదువు వచ్చిన సాక్షి కావాలి. మీ బృందంలో మనిషిని సాక్షిగా పెడితే చెల్లదు. మీకు ఇల్లు చూపించిన, మీ నుంచి రోజుకింత తీసుకునే ఆశా కార్యకర్త కూడా సంబంధం లేని మనిషి కాదు. స్కూలు టీచరో, పక్కవీధి పోస్ట్‌మ్యానో మేలు. అంగీకరించే స్థితిలో లేనివాళ్ల తరఫున చట్టబద్ధ ప్రతినిధి సంతకం పెడతారు. కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో, దుర్బల వర్గాల విషయంలో, 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వీడియో రికార్డింగునూ అడుగుతాయి. సర్వేకి ఆ వీడియో అక్కర్లేదు, పెట్టుకుంటే జనం బెదురుతారు.

మతిమరుపు ఉందనగానే నేరుగా కొడుకు దగ్గరికి వెళ్లిపోవడం పెద్ద తప్పు. డిమెన్షియా తొలి దశలో చాలామంది చిన్న అధ్యయనాన్ని అర్థం చేసుకుని అవుననో కాదనో చెప్పగలరు. పరీక్షించే తీరు ఇదీ: వివరించాక, ‘అమ్మా, నేను చెప్పింది మీ పక్కింటావిడకి చెప్పాలంటే ఎలా చెప్తారు?’ అనండి. ‘బీపీ చూసి మంచి మందులిస్తారంట’ అన్నారంటే అర్థం కాలేదన్నమాట. మళ్లీ చెప్పండి: ‘మందులేమీ ఇవ్వం. మీరెలా ఉన్నారో రాసుకుంటాం. వద్దంటే ఇప్పుడే వెళ్లిపోతాం. పింఛనుకి, ఆరోగ్యశ్రీకి దీనితో సంబంధం లేదు.’ ఆ చివరి వాక్యం ఫారంలో లేకపోతే వేలిముద్ర భయంతో పడినదే. రెండుసార్లు చెప్పినా తిరిగి చెప్పలేకపోతే అప్పుడు ప్రతినిధి. అప్పుడు కూడా పెద్దావిడ చెయ్యి వెనక్కి లాక్కుంటే, ముఖం తిప్పుకుంటే, కొడుకు సంతకం ఉన్నా ఆపేయాలి.

నెలల తరబడి సాగే అధ్యయనంలో ఒక్క సంతకం చాలదు. వెళ్లిన ప్రతిసారీ రెండు మాటల్లో మళ్లీ అడగండి. కాగితం మీద అక్షరాలు 16 పాయింట్లకు తగ్గకూడదు. ఒక జత చత్వారం కళ్లద్దాలు సంచిలో ఉంచుకోండి. చెవిలో అరవకండి, బాగా వినిపించే చెవి వైపు కూర్చుని మామూలు గొంతుతో నెమ్మదిగా మాట్లాడండి. అరిస్తే గొంతు సన్నబడుతుంది, వయసు వల్ల మొదట పోయేది ఆ సన్నటి శబ్దాల వినికిడే.

చదువు రానివాళ్లకు మెదడు పరీక్షలు కుదరవనే సాకు కూడా వినిపిస్తుంటుంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. ఆ రోగుల్లో చదువు రానివాళ్లూ ఉన్నారు. వాళ్లను వదిలేసి ఉంటే, ఆ ఫలితం చదువు వల్ల వచ్చిందా, భాషల వల్ల వచ్చిందా అని విడదీయగలిగేవాళ్లు కాదు.

మీటింగు పెట్టి అడగాలా, ఒక్కొక్కరినీ అడగాలా

పెద్దవాళ్లను కొలవడమే కాకుండా ప్రశ్నలు తయారు చేసేటప్పుడు కూడా సలహా అడగాలనుకుంటే, అందరికీ మొదట తట్టేది మీటింగు. పట్నంలో సీనియర్ సిటిజన్ల సంఘం హాల్లో ఎనిమిది మంది వస్తారు. రిటైరైన ఉద్యోగులు, ఎక్కువగా మగవాళ్లు, మైకు దొరికితే వదలని ఒకరిద్దరు. చెప్పేది విలువైనదే, కానీ అది హాలు దాకా రాగలిగినవాళ్ల మాట. మంచం దిగలేని మనిషి మాట కావాలంటే నలుగురైదుగురి ఇళ్లకు విడివిడిగా వెళ్లాలి. వాళ్లను చూసుకునే కోడళ్లు, కూతుళ్లకు విడిగా ఒక చిన్న మీటింగు పెట్టొచ్చు, ఇంట్లో చెప్పలేనివి వాళ్లు అక్కడ చెప్తారు.

‘మా అధ్యయనం మీద మీ అభిప్రాయం?’ అంటే ‘మీ ఇష్టం బాబూ’ తప్ప ఇంకేం రాదు. రెండు ముందు పెట్టి అడగండి: ‘మాత్రలు తగ్గడం ముఖ్యమా, కిందపడకుండా ఉండటం ముఖ్యమా?’ ‘మేం పొద్దున రావాలా, నిద్ర లేచాక సాయంత్రమా?’ ఇచ్చే డబ్బులు అదే రోజు చేతికివ్వండి. బ్యాంకు ఖాతా వివరాలు అడగగానే మోసం అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు.

జవాబు ఎవరిది, లెక్క ఎవరిది

తోడున్నవాళ్లు చెప్పే జవాబుల్లో స్నానం, నడక, తిండి లాంటి కంటికి కనిపించేవి బాగానే సరిపోతాయి. నొప్పి, దిగులు సరిపోవు. తప్పనిసరైతే, మాత్రలు చేతికందించే మనిషినే అడగండి, ప్రతిసారీ అదే మనిషిని. ఎవరు చెప్పారో పక్కన ఒక గడిలో రాయండి. మొదటిసారి కూతురు, రెండోసారి కొడుకు చెప్తే మార్పు పెద్దావిడదా, చెప్పినవాళ్లదా తేలదు.

సంఖ్య విషయంలో ఆశ పనికిరాదు. చివరిదాకా 100 మంది కావాలి, నాలుగో వంతు జారిపోతారనుకుంటే 134 మందిని చేర్చుకోవాలి. జారిపోవడాలన్నీ ఒక్కటి కాదు. చనిపోవడం, ఆస్పత్రిలో చేరడం, కూతురి ఊరికి మారడం, వద్దనడం వేర్వేరు గడుల్లో ఉండాలి. మరణాన్ని ‘అందుబాటులో లేరు’లో కలిపేస్తే మందు పనిచేసిందో లేదో ఎప్పటికీ తెలియదు. మందు ట్రయలైతే తీవ్రమైన ప్రతికూల ఘటన ప్రతిదాన్నీ 24 గంటల్లో తెలియజేయాలి. ఈ వయసులో అవి తరచూ వస్తాయి, ఆ కాగితాల పనికి ఒక మనిషిని మొదట్నుంచే లెక్కలో పెట్టుకోండి.

చివరి విడత వెళ్లినప్పుడు బీపీ, బరువు, నడక సెకన్లు పెద్ద అంకెలతో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది అదే. బయలుదేరే ముందు ఆశా కార్యకర్తకు ఒక ఫోన్ చేసి ఆ ఇంట్లో ఎలా ఉన్నారో కనుక్కోండి. పదకొండో రోజు కర్మ జరుగుతున్న గుమ్మంలో స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడే పరిస్థితి ఆ ఒక్క ఫోన్‌తో తప్పుతుంది.